కొసరు చూసి అసలు మరవొద్దు

మన ఊళ్లలో కూరగాయలమ్మే అవ్వ తక్కెడ దించాక నాలుగు పచ్చిమిరపకాయలో, రెండు కరివేపాకు రెబ్బలో సంచిలో పడేసేది. వేయకపోతే మనమే అడిగి వేయించుకునేవాళ్లం. దాన్ని కొసరు అన్నాం. ఆ కొసరుకు కార్డు లేదు, యాప్ లేదు, ఫోన్ నంబరు చెప్పాల్సిన పని లేదు. ఫలానా తేదీలోపు వాడుకోకపోతే చెల్లదన్న షరతు అసలే లేదు.

ఖతార్ వచ్చాక కొసరు పేర్లు మారాయి. పాయింట్లు, క్యాష్‌బ్యాక్, ప్రోమో కోడ్, 'రెండు కొంటే ఒకటి ఉచితం', 50 రియాళ్ల బిల్లుకు ఒక రాఫిల్ కూపన్. ఐన్ ఖాలిద్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఇవేమీ కొత్త కాదు. గురువారం వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో హైపర్‌మార్కెట్ల ఆఫర్ల కాగితాలు వరుసకడతాయి. ఒకరు సోనా మసూరి బస్తా ధర పెడతారు, ఇంకొకరు కందిపప్పు ఎక్కడ చవకో చెబుతారు, మరొకరు టమాటా ఫొటో పెట్టి 'త్వరపడండి' అంటారు. ఇటు అబూ హమూర్, అటు సల్వా రోడ్డు, వెనక ఇండస్ట్రియల్ ఏరియా. పావుగంట కారు ప్రయాణంలో అరడజను పెద్ద దుకాణాలున్న చోట మనం ఉంటున్నాం. పోటీ ఎక్కువ కాబట్టి ఆఫర్లూ ఎక్కువే. ఇది మన అదృష్టమే.

అయినా ఒక ప్రశ్న అడగక తప్పదు. ఇన్ని ఆఫర్ల మధ్య ఇన్నేళ్లుగా సరుకులు కొంటున్న మన ఇళ్లలో నిజంగా మిగిలిందెంత? 'ఈ నెల కూపన్లతో 80 రియాళ్లు ఆదా' అని బిల్లు కింద అచ్చయి వస్తుంది. ఆ 80 రియాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే చాలా ఇళ్లలో జవాబు దొరకదు. కూపన్లు మంచివా చెడ్డవా అన్నది ఇక్కడ చర్చ కాదు. అవి మన చేతిలో పనిముట్లుగా ఉన్నాయా, మనమే వాటి చేతిలో పడ్డామా అన్నదే చూడాలి. నా అభిప్రాయంలో మనలో ఎక్కువమంది కొసరు దగ్గర గెలిచి అసలు దగ్గర ఓడుతున్నాం.

లెక్క వేసి చూస్తే

ఉదాహరణకు ఒక కుటుంబం నెలకు 1500 రియాళ్ల సరుకులు కొంటుందనుకుందాం. రివార్డు కార్డు మీద వందకు ఒక రియాల్ చొప్పున తిరిగి వస్తుందనుకుందాం. నెలకు 15 రియాళ్లు, ఏడాదికి 180. వదులుకోవాల్సినదేమీ కాదు. ఉచితంగా ఇచ్చే కార్డే కదా, ఉండనివ్వండి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆఫర్ చూసి వెళ్లిన ప్రతి వారం జాబితాలో లేని వస్తువు ఒకటి బండిలో పడుతుంది. బిస్కెట్ల పెద్ద ప్యాకెట్, ఇంట్లో ఇప్పటికే మూడున్న ప్లాస్టిక్ డబ్బా, పిల్లాడు పట్టుబట్టిన బొమ్మ, ఏదైనా కావచ్చు. దాని ఖరీదు 20 రియాళ్లే అనుకుందాం. 52 వారాలకు 1040 రియాళ్లు. ఒక చేత్తో 180 తీసుకుని ఇంకో చేత్తో 1040 ఇచ్చి వస్తున్నాం. పైగా ఆదా చేశామన్న తృప్తితో వస్తున్నాం. అసలు నష్టం ఆ తృప్తిలోనే ఉంది. ఖర్చు చేశామని తెలిస్తే వచ్చే వారం జాగ్రత్తపడతాం. ఆదా చేశామనుకుంటే జాగ్రత్త ఎందుకు?

ఈ వెయ్యి రియాళ్లు ఎంత పెద్దవో తెలియాలంటే ఇంకో లెక్క పక్కన పెట్టాలి. మనకు ఇక్కడ పింఛను లేదు. ఖతార్ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. మూల వేతనం 4000 రియాళ్లు ఉన్నవారికి అది ఏడాదికి 2800. పదేళ్లు పనిచేస్తే 28,000. పైన చెప్పిన వారానికి 20 రియాళ్ల జారుడు పదేళ్లలో 10,400 అవుతుంది. అంటే ఇంటికి తిరిగి వెళ్లే రోజున చేతికొచ్చే కనీస గ్రాట్యుటీలో మూడో వంతు కంటే ఎక్కువ సొమ్ము, జాబితాలో లేని వస్తువుల రూపంలో పదేళ్ల పాటు మెల్లగా జారిపోతోంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువారికి ఎప్పటికైనా అక్కడి పౌరసత్వమో సామాజిక భద్రతో ఆసరాగా ఉంటుంది. గల్ఫ్‌లో మన ఉనికి వీసా ఉన్నంత వరకే. ఎన్నేళ్లున్నా ఒకరోజు తిరుగు టికెట్ తప్పదు. అందుకే సరుకుల ఖర్చు మనకు వంటింటి లెక్కతో ఆగిపోదు. తిరిగి వెళ్లాక కట్టుకోవాల్సిన ఇల్లు, పిల్లల కాలేజీ ఫీజు, అమ్మానాన్నల ఆసుపత్రి బిల్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

కొసరు ఎవరి సొమ్ము?

కొనుగోలుదారుడికి కొంత తిరిగి ఇవ్వడమన్నది నేటి ఆలోచన కాదు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది నేతపనివారు, ఇతర చేతివృత్తులవారు కలిసి 1844 డిసెంబరు 21న ఒక చిన్న దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్‌మీల్ వంటి నాలుగైదు సరుకులతో మొదలుపెట్టారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, వచ్చిన మిగులును ఎవరెంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకే తిరిగి పంచడం వాళ్ల పద్ధతి. అక్కడ తిరిగి వచ్చిన డబ్బు నిజంగా కొనుగోలుదారుడిదే, ఎందుకంటే దుకాణమూ అతనిదే.

ఆ తరువాత వచ్చిన కొసరుకు వేరే లక్ష్యం ఉంది. 1880లు ముగిసే దశలో అమెరికాలో కోకాకోలా కంపెనీ ఒక గ్లాసు ఉచితమంటూ కాగితపు కూపన్లు పంచింది. ఒకసారి రుచి మరిగినవాడు రెండోసారి డబ్బిచ్చి తాగుతాడన్నది లెక్క. ఆ లెక్క తప్పలేదు. 1896లో స్పెర్రీ అండ్ హచిన్‌సన్ సంస్థ గ్రీన్ స్టాంపులు తెచ్చింది. కొన్నదాన్ని బట్టి ఇచ్చే స్టాంపుల్ని పుస్తకంలో అంటించి, పుస్తకం నిండాక వస్తువు తెచ్చుకోవాలి. నేటి పాయింట్లకు అది తాత. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల లెక్క పెట్టింది. 1995లో బ్రిటన్‌లో టెస్కో క్లబ్‌కార్డు వచ్చింది. దాంతో ఎవరు ఏం కొంటున్నారు, ఎప్పుడు కొంటున్నారు, ఏది మానేశారు అన్నది దుకాణానికి ఇంటింటి వారీగా తెలిసిపోవడం మొదలైంది.

ఇప్పుడు మన ఫోన్‌లో లులు 'హ్యాపీనెస్', అల్ మీరా 'మీరా రివార్డ్స్', ఊరెడూ 'నుజూమ్', బ్యాంకు కార్డు పాయింట్లు అన్నీ ఉన్నాయి. ఇవేవీ మోసం కావు. వ్యాపారం అంతే. కొనుగోలుదారుడు వేరే దుకాణం మెట్లెక్కకుండా చూసుకోవడానికి దుకాణం పెట్టే ఖర్చు అది. కానీ అవ్వ వేసిన కరివేపాకుకూ దీనికీ తేడా తెలుసుకుని తీసుకోవాలి. అవ్వ మన దగ్గర ఏమీ రాసుకోలేదు. ఇక్కడ మనం మన అలవాట్లు రాసిచ్చి పాయింట్లు తెచ్చుకుంటున్నాం. ఖతార్‌లో వ్యక్తిగత సమాచార గోప్యతకు 2016లోనే 13వ నంబరు చట్టం వచ్చింది. మన అనుమతి లేకుండా ప్రచార సందేశాలు పంపకూడదని అందులో ఉంది. ఆ అనుమతి అడిగే చిన్న గడిలో ఆలోచించకుండా టిక్ పెట్టేది మాత్రం మనమే.

ఒక సరుకును కొన్న ధరకో, అంతకంటే తక్కువకో అమ్మడం కూడా పాత విద్యే. ఉల్లిపాయలో, కోడిమాంసమో, నూనెడబ్బానో కాగితం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంటాయి. అవి దుకాణంలో చివరి మూలన ఉంటాయి. అక్కడికి చేరేలోపు నలభై అరలు దాటాలి. ఉల్లిపాయల్లో పోయిందాన్ని ఆ నలభై అరల్లో రాబట్టుకుంటారు. నేరుగా ఉల్లిపాయల దగ్గరికి వెళ్లి, నేరుగా కౌంటరుకు వచ్చేవాడు దుకాణానికి నష్టం, తన ఇంటికి లాభం. కూపన్ వాడటమంటే ఈ క్రమశిక్షణే.

బజారే పార్కైతే

ఇంత తెలిసినా ఎందుకు జారిపోతాం? దీనికి మన తిండిపోతుతనమో, ఆడంబరమో కారణమని నేననుకోను. ఇక్కడి వాతావరణాన్ని, మన జీవితాన్ని కలిపి చూడాలి. మే నుంచి సెప్టెంబరు వరకు సాయంత్రమైనా బయట నిలబడలేని వేడి. విల్లాలో ఒక భాగం తీసుకుని రెండు గదుల్లో ఉండే కుటుంబానికి శుక్రవారం పిల్లల్ని తీసుకెళ్లడానికి చల్లని చోటు కావాలి. హైపర్‌మార్కెట్‌కు టికెట్ లేదు, ఏసీ ఉంది, నడవడానికి చోటుంది, తెలిసినవాళ్లు కనిపిస్తారు. 'ఏమండీ, బాగున్నారా' అని పలకరించుకునేది అక్కడే. మన ఊరి రచ్చబండ, సంత, పార్కు అన్నీ కలిసి ఒక బండి తోసుకునే చోటుగా మారాయి.

కాబట్టి 'దుకాణానికి వెళ్లడం తగ్గించండి' అని సలహా ఇస్తే అది సగం సలహానే. వెళ్లడానికి ఇంకో చోటు చూపించాలి. చలికాలంలో కార్నిష్ ఉంది, ఆస్పైర్ పార్కు ఉంది. వేసవిలో దోహాలోని మ్యూజియాలు, లైబ్రరీలు ఉన్నాయి. ఖతార్ నేషనల్ లైబ్రరీలో పిల్లల విభాగం చూడని తెలుగు కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి, రెసిడెంట్లకు సభ్యత్వం ఉచితం. తిరగడానికి ఒకరోజు, కొనడానికి ఒకరోజు అని విడదీస్తే సగం సమస్య తీరిపోతుంది. కొనే రోజు ఒక్కరే వెళ్లాలి, కడుపు నింపుకుని వెళ్లాలి, చీటీతో వెళ్లాలి.

రాఫిల్ కూపన్ల గురించి కూడా ఒక మాట. కారో, బంగారమో గెలవచ్చని ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. ఇలాంటి లక్కీ డ్రాలు ఇక్కడ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ అనుమతితో, అధికారి సమక్షంలో జరుగుతాయి. గెలిచేవాళ్లు నిజంగానే గెలుస్తారు. కానీ బిల్లు 38 రియాళ్లయితే 50 చేయడానికి ఇంకో 12 రియాళ్ల సరుకు వేసుకునే అలవాటు చూడండి. ఆ 12 రియాళ్లు లాటరీ టికెట్ ఖరీదే. లాటరీ కొనని మనిషి కూడా ఆ టికెట్ కొంటున్నాడు.

ఇదే ఆశను ఆసరా చేసుకుని దొంగలు కూడా తిరుగుతున్నారు. ఫలానా హైపర్‌మార్కెట్ వార్షికోత్సవమని, లింకు నొక్కితే 500 రియాళ్ల వోచరని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు నమ్మవద్దు. వాటిని గ్రూపులోకి ముందుకు తోయవద్దు. ఏ దుకాణమూ బహుమతి ఇవ్వడానికి బ్యాంకు కార్డు నంబరు, ఓటీపీ అడగదు. అడిగితే అది దొంగతనమే. అలాంటి సందేశాల మీద ఆంతరంగిక శాఖకు మెట్రాష్ యాప్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. తక్కువ జీతానికి పనిచేసే మన తమ్ముళ్లకు ఈ సంగతి నోటితో చెప్పండి, ఎందుకంటే వాళ్ల ఖాతాలో ఉండేదే ఒక నెల జీతం.

కార్డు అక్కర్లేని ఆదా

ఖతార్‌లో ఏ పాయింట్లూ లేకుండా దొరికే ఆదా చాలా ఉంది. మొదటిది రంజాన్ ధరలు. ఏటా రంజాన్‌కు ముందు మంత్రిత్వ శాఖ పెద్ద దుకాణాలతో మాట్లాడి వందల సరుకుల ధరలు తగ్గిస్తూ జాబితా ప్రకటిస్తుంది. పిండి, చక్కెర, బియ్యం, నూనె, పాలు, మాంసం లాంటివి అందులో ఉంటాయి. ఆ ధర మతం చూడదు, కార్డు చూడదు, అందరికీ ఒకటే. చెడిపోని సరుకులు రెండు నెలలకు సరిపడా తీసుకోవడానికి ఏడాదిలో అంతకంటే మంచి సమయం లేదు.

రెండోది రైతుల బజారు. మన దగ్గర 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు దళారీ లేకపోతే టమాటా ధర ఎంత తగ్గుతుందో చూశాం. ఇక్కడా చలికాలంలో అల్ మజ్రూఆ, అల్ వక్రా, అల్ ఖోర్-అల్ థఖీరా వంటి చోట్ల మున్సిపాలిటీ మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేసే యార్డుల్లో ఖతార్ పొలాల్లో పండిన కూరగాయలు నేరుగా అమ్ముతారు. కీరా, వంకాయ, టమాటా, గుమ్మడి, ఆకుకూరలు తాజాగా దొరుకుతాయి. ఇక సైలియా సెంట్రల్ మార్కెట్ ఏడాదంతా ఉంటుంది. అక్కడ పెట్టె లెక్కన కొనాలి కాబట్టి ఒక్క ఇంటికి ఎక్కువవుతుంది. ఆ చిక్కుకు మందు కింద చెబుతాను.

మూడోది తూకం లెక్క. బస్తా మీద రాసిన మొత్తం ధర కాదు, కిలో ధర చూడాలి. అదే బియ్యం 5 కిలోలు 32 రియాళ్లు, 20 కిలోలు 110 రియాళ్లు అనుకోండి. మొదటిది కిలో 6.40, రెండోది 5.50. ఇక్కడ పెద్ద సంచి చవక. కానీ ప్రతిసారీ ఇలాగే ఉండదు. 'కాంబో ప్యాక్' అని టేపు చుట్టిన మూడు ప్యాకెట్ల ధర విడిగా కొన్నదాని కంటే ఎక్కువైన సందర్భాలూ ఉంటాయి. ఫోన్‌లో లెక్కల యంత్రం ఉంది, పదో తరగతి పిల్లాడిని పక్కన నిలబెట్టి ఈ భాగహారం చేయించండి. వాడికీ ఒక పాఠం.

నాలుగోది తేదీ. 'రెండు కొంటే ఒకటి ఉచితం' ఎందుకిస్తున్నారో చాలాసార్లు ప్యాకెట్ వెనక ఉన్న గడువు తేదీయే చెబుతుంది. వారంలో వాడగలిగితే లాభం, లేకపోతే మూడూ చెత్తబుట్టకే.

అయిదోది హక్కు. ఖతార్‌లో 2008లో వచ్చిన 8వ నంబరు చట్టం వినియోగదారుడి రక్షణ కోసమే ఉంది. ధర స్పష్టంగా కనిపించాలి, బిల్లు ఇవ్వాలి, లోపమున్న వస్తువు మార్చాలి లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. అరలో ఒక ధర, కౌంటరులో ఇంకో ధర ఉంటే సిగ్గుపడకుండా అడగండి. అక్కడ పరిష్కారం కాకపోతే మంత్రిత్వ శాఖ నంబరు 16001 ఉంది. రెండు రియాళ్ల తేడాకు ఫోనేమిటి అనుకోవద్దు. ఆ తేడా మన తర్వాత వరుసలో నిలబడ్డ ప్రతివాడికీ పడుతుంది.

ఇక క్రెడిట్ కార్డు పాయింట్ల విషయం. గడువులోపు బిల్లు మొత్తం కట్టేవారికి మాత్రమే అవి లాభం. కనీస మొత్తం కట్టి మిగతాది వచ్చే నెలకు నెట్టేవారికి ఆ వడ్డీ ముందు పాయింట్లు ఏ మూలకూ రావు. ఇంటికి తెప్పించుకునే యాప్‌లదీ ఇదే కథ. స్నూను, తలబాత్ వంటివాటిలో కోడ్ పెడితే పది రియాళ్లు తగ్గుతాయి. కనీస ఆర్డరు, డెలివరీ రుసుము కలిపాక ఎంత అయిందో చూసుకుని నొక్కాలి. అయితే కారు లేని ఇంటికి, పసిపిల్లలున్న తల్లికి, టాక్సీ డబ్బుతో పోలిస్తే అదే చవక కావచ్చు. అందరికీ ఒకే సలహా సరిపోదు.

భయంతో కొనేది ఆదా కాదు

కొరత వార్త వచ్చినప్పుడు మన చేతులు ఆగవు. 2017 జూన్ 5న పొరుగు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్న రోజు దోహాలో జనం దుకాణాలకు పరుగెత్తారు. పాలు, కోడిమాంసం అరలు ఖాళీ అయ్యాయి. కొద్ది రోజుల్లోనే టర్కీ పాలు, పెరుగు వచ్చాయి. ఆ తర్వాత ఖతార్ విమానాల్లో ఆవుల్ని తెప్పించుకుని బలద్నా పాలు ఇంటింటికీ అందేలా చేసుకుంది. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో తెలుగువారు సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు తీరిన దృశ్యాలు అందరం చూశాం. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తొలగింది. భయంతో ఎక్కువ ధరకు కొన్న బస్తాల్లో పురుగు పట్టినవెన్నో. ఇంట్లో నెల రోజుల సరుకు ఉంటే చాలు. వంటింటిని గోదాము చేస్తే అద్దె ఎక్కువ, ఆదా తక్కువ.

మెస్ నేర్పే పాఠం

ఐన్ ఖాలిద్ పక్కనే ఇండస్ట్రియల్ ఏరియా. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు వేలాదిగా అక్కడ గదుల్లో ఉంటున్నారు. 2021 మార్చి 20 నుంచి ఖతార్‌లో కనీస వేతనం 1000 రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే తిండికి 300, వసతి ఇవ్వకపోతే దానికి 500 అదనం. తిండికి 300 అంటే రోజుకు 10 రియాళ్లు. కారు లేదు, ఫ్రిజ్‌లో చోటు లేదు, 20 కిలోల బస్తాకు ఒక్కసారే డబ్బు పెట్టగల స్థోమత లేదు. పెద్ద ఆఫర్లన్నీ పెద్ద సంచులకు, పెద్ద బిల్లులకు ఉంటాయి. కాబట్టి ఎక్కువ అవసరమున్నవాడికే కూపన్ తక్కువ అందుతుంది.

అయినా వాళ్లు మనకంటే బాగా సంసారం చేస్తున్నారు. ఎలా? గదిలో ఎనిమిది మంది కలిసి మెస్ పెట్టుకుంటారు. నెలకోసారి కలిసి సరుకులు తెస్తారు, వంతులవారీగా వండుతారు, నెలాఖరున పుస్తకం తీసి ఖర్చును తలా సమానంగా పంచుకుంటారు. ఊరికి వెళ్లిన రోజులు తీసేస్తారు. రోచ్‌డేల్ నేతపనివారు చేసిందానికి ఇది దూరం కాదు. ఖతార్‌కు కూడా ఈ మాట కొత్త కాదు. నేటి అల్ మీరా 2004 నాటి చట్టంతో వినియోగదారుల సహకార సంఘాల స్థానంలో వచ్చిన సంస్థే.

విల్లాల్లో ఉండే మన కుటుంబాలు ఈ పద్ధతిని ఎందుకు తీసుకోకూడదు? ఒకే కాంపౌండులో నాలుగైదు తెలుగు ఇళ్లుంటాయి. నెలకు రెండు సార్లు ఒకరు సైలియా మార్కెట్‌కు వెళ్లి టమాటా, ఉల్లి, నిమ్మకాయల పెట్టెలు తెచ్చి పంచుకుంటే పైన చెప్పిన చిక్కు తీరిపోతుంది. వచ్చేసారి ఇంకొకరు వెళ్తారు. నలుగురు వెళ్లాల్సిన పెట్రోలు ఒక్కరిదే ఖర్చవుతుంది. ఇందులో లాభం వేసుకుని అమ్మడం ఉండకూడదు, లైసెన్సు లేని వ్యాపారం ఇక్కడ నేరం. కొన్న బిల్లు గ్రూపులో పెట్టి, ఎవరి వాటా వాళ్లు అదే రోజు ఇచ్చేస్తే మాట రాదు, స్నేహం చెడదు.

పక్కనున్న తమ్ముళ్లకు సాయం చేయాలనుకున్నా ఒక జాగ్రత్త. ఖతార్‌లో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయకూడదు. అలాంటి సాయం భారత రాయబార కార్యాలయం అనుబంధంగా పనిచేసే ఐసీబీఎఫ్ వంటి గుర్తింపు ఉన్న సంస్థల ద్వారానే చేయాలి. సమాచారం పంచడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. రంజాన్ ధరల జాబితాను తెలుగులో పది వరుసలు రాసి వాళ్ల గ్రూపులో పెట్టండి. ఏ కాగితాలు, ఏ ఆఫర్లు నిజమైనవో చెప్పండి. మన తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు వేదిక కట్టినప్పుడు అరగంట ఈ ఇంటి లెక్కలకు ఇస్తే పాటలకు లోటేమీ రాదు.

ఆదా ఎవరిది?

ఇళ్లలో ఈ పనంతా చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. డిగ్రీలు చదివి, భర్త వీసా మీద వచ్చి, ఉద్యోగం లేకుండా ఇంటిని నడిపే గృహిణులు ఐన్ ఖాలిద్‌లో ఎందరో. ధరలు పోల్చడం, తేదీలు గుర్తుపెట్టుకోవడం, ఏ దుకాణంలో ఏది బాగుంటుందో తెలుసుకోవడం నిజమైన పని. 'రెండు రియాళ్ల కోసం ఇంత హైరానా ఎందుకు' అని భర్త నవ్వితే అది ఆ పనిని తక్కువ చేయడమే. అదే భర్త ఆఫీసులో కంపెనీకి రెండు శాతం ఖర్చు తగ్గిస్తే ప్రశంసాపత్రం తెచ్చుకుంటాడు. కూపన్ చూపించడం పిసినారితనం కాదు. అక్కర్లేనిది కొనకపోవడం అంతకంటే కాదు.

కానీ ఆ పనికి విలువ రావాలంటే ఆదా కంటికి కనిపించాలి. నా సూచన ఒక్కటే. ప్రతి నెలా సరుకులకు ఒక మొత్తం అనుకోండి, ఉదాహరణకు 1500. నెలాఖరుకు 1380 అయితే, మిగిలిన 120ని అదే రోజు పక్కకు పంపండి. ఊళ్లో ఎన్‌ఆర్‌ఈ ఖాతా మీద రికరింగ్ డిపాజిట్ అయినా సరే, ఆమె పేరు మీద వేరే ఖాతా అయినా సరే. ఖర్చుల ఖాతాలో వదిలేసిన ఆదా వచ్చే వారం పిజ్జా అయిపోతుంది. పక్కకు వెళ్లిన డబ్బే ఆదా. బిల్లు కింద 'మీరు ఇంత ఆదా చేశారు' అని దుకాణం రాసిన అంకె ఆదా కాదు, అది ప్రకటన.

కొత్తగా వచ్చినవారు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటారు. ఏడాది తిరిగేసరికి మార్చడమే మానేసి అన్నీ కొనేస్తారు. రెండూ సరైన కొలతలు కావు. ఈ వస్తువు కోసం నేను ఎన్ని గంటలు పనిచేయాలి అని అడిగి చూడండి. నెలకు 6000 రియాళ్ల జీతం, 26 రోజులు, రోజుకు 8 గంటలు అయితే గంట విలువ 29 రియాళ్ల దగ్గర తేలుతుంది. అక్కర్లేని 20 రియాళ్ల డబ్బా అంటే ఈ ఎడారిలో నలభై నిమిషాల పని.

అరబ్బీలో ఐన్ అంటే నీటి ఊట. ఊట ఉన్నన్నాళ్లు ఊరు నిలిచింది కాబట్టే ఇక్కడి వాళ్లు ఆ పేరు దాచుకున్నారు. మన జీతం కూడా ఊటే, కానీ ఎన్నాళ్లుంటుందో మన చేతిలో లేదు. ఈ గురువారం ఆఫర్ల కాగితం వచ్చేలోపే వంటింట్లోకి వెళ్లి డబ్బాలు తెరిచి చూడండి, ఏవి నిండుకున్నాయో చీటీ రాయండి. ఆ తర్వాతే కాగితం చూడండి. చీటీలో ఉన్న వస్తువుకు కూపన్ దొరికితే వాడుకోండి. లేని వస్తువుకు ఎంత పెద్ద కూపన్ వచ్చినా అది మనది కాదు.